తాత్కాలికమైన కారణం

నవంబరు 3, 2025. ఆళ్ళగడ్డ.

కూతురు గీత ఫోను చేసి తేదీ మళ్ళీ గుర్తు చేసింది. ఫిబ్రవరి ఇరవై. నేను ఆగస్టు ఇరవైన అక్కడ విమానం ఎక్కాను. ఆరు నెలల లోపల మళ్ళీ జర్మనీ నేల మీద కాలు పెట్టకపోతే నా నివాస కార్డు దానంతట అదే చచ్చిపోతుంది. ఎవరూ రద్దు చేయరు, ఉత్తరం రాయరు. ఆ దేశంలో కార్డులు కూడా ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పోతాయి.

ఒక నెలకని వచ్చాను. జీవమ్మకు నంద్యాలలో ఆపరేషన్ అంటే, కుట్లు విప్పే దాకా ఉండి పోదామనుకున్నాను. కోసి చూశారు. చూసి మళ్ళీ కుట్టేశారు. తీసేది ఏమీ లేదన్నారు. లేదంటే చాలా ఉందని అర్థం.

జీవమ్మ మా ఆయన చెల్లెలు, నాకు ఆడబిడ్డ. మొగుడు పోయి నలభై ఏళ్ళు, పిల్లల్లేరు. మా ఆయన పోయి ఆరేళ్ళు. ఆమెను చూడవలసినవాళ్ళ పట్టీ రాస్తే నా పేరు ఒక్కటే వస్తుంది.

అక్కడ నా పేరు రాయవలసిన పట్టీ ఇంకొకటి ఉంది. గీత నర్సు. వారంలో నాలుగు రోజులు తెల్లారి ఆరింటికి డ్యూటీ. మనవరాలు కెజియా ఒకటో తరగతి, ఎనిమిదింటికి బడి. గీత మొగుడు ఉన్నాడు, హైదరాబాదులో, ఇంకొకరితో. ఆ రెండు గంటల కోసమే నాకు కుటుంబ వీసా పెట్టి, ఏడాది తిరిగి, ఆ కార్డు సంపాదించింది గీత. ఇప్పుడు పక్కవాటాలో ఉన్న ముసలామెను బతిమాలి బిడ్డను దింపిస్తోంది. కార్డు పోతే మళ్ళీ మొదటి నుంచి. ఈసారి ఇస్తారన్న నమ్మకం లేదట.

"గడువు పెంచమని ఆఫీసుకు రాద్దాం మా. కారణం చెప్తే పెంచుతారు," అంది. తర్వాత, "లేదంటే నేనే వచ్చిపోతా. అత్తను చూసినట్లుంటుంది," అంది.

బిడ్డ బడి ఏం కావాలి అన్నాను. బడి ఉన్న రోజుల్లో పిల్లల్ని దేశం దాటించనివ్వరట. కాబట్టి వద్దన్నాను.

నవంబరు 6

ఉత్తరం నేనే రాశాను, ఇంగ్లీషులో. తెలుగు పండితురాలినే అయినా మిషన్ బడిలో చదివాను, కామాలు ఎక్కడ పెట్టాలో తెలుసు. గీత దాన్ని వాళ్ళ భాషలోకి మార్చి పంపింది. ఆడబిడ్డకు జబ్బు, చూసేవారు లేరు, ప్రభువు చిత్తమైతే ఏప్రిల్ నెలాఖరుకు తిరిగి వస్తాను, గడువు పెంచగలరు.

బాగానే వచ్చింది.

నవంబరు 11

జీవమ్మ సంగటి అడిగింది. మూడు ముద్దలు తినింది. లెక్కపెడుతున్నానని తిట్టింది.

నవంబరు 17

పక్కన శిల్పాలు చెక్కే షెడ్డు. పొద్దున ఎనిమిది నుంచి ఉలి దెబ్బలు. నాకు తల పగిలిపోతోంది. ఆపించమని జీవమ్మను అడిగితే, "ఎందుకాపాల? ఆ సప్పుడు ఇనపడితేనే గదా నేనింకా ఉండానని తెల్సేది," అంది.

చెన్నమ్మ నవ్వింది. రెండు పూటలా వచ్చి జీవమ్మకు స్నానం పోసి, గుడ్డలు మార్చి పోయే మనిషి. ఈ ఇంట్లో నవ్వే పని కూడా ఆమెకే అప్పగించాం.

నవంబరు 26

జర్మనీ ఆఫీసు నుంచి జవాబు. గీత డ్యూటీ గుడ్డల్లోనే ఫోనులో కనిపించింది.

"ఏం రాసినావు మా నువ్వు ఆ ఉత్తరంలో?"

"నువ్వే కదా మార్చి పంపావు."

"డ్యూటీ నుంచి వచ్చి నిద్ర కండ్లతో మార్చినా. ఆ మాట నాకు మాట మాదిరి కనపడనేలే. ఊపిరి మాదిరి పొయ్యింది."

వాళ్ళు రెండు ప్రశ్నలు అడిగారు. మొదటిది: తిరిగి రావడం ఒక షరతు మీద ఆధారపడి ఉన్నట్టు రాశారు. ఆ షరతు ఏమిటి, ఎప్పటికి నెరవేరుతుంది? అసలు తిరిగి వచ్చే ఉద్దేశం ఉన్నదా, లేదా? రెండవది: బయట ఉండటానికి కారణం దాని స్వభావాన్ని బట్టి తాత్కాలికమైనదై ఉండాలి. ఎంత కాలమో డాక్టరు చేత రాయించి పంపగలరు.

షరతు ప్రభువు చిత్తం. మా ఇళ్ళలో రేపు చర్చికి పోవాలన్నా ఆ మాట ముందు పెట్టకుండా చెప్పం. బస్సు పదింటికి అంటే ప్రభువు చిత్తమైతే పదింటికి. బస్సుల విషయంలో అది ఉత్త నిజం కూడా. మా తాత బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచి ఈ మాట వాడుతున్నాం, అది ఎప్పటికి నెరవేరుతుందని ఎవరూ అడగలేదు. ఆ అధికారి అడిగాడు. మంచి విద్యార్థి.

ఆ మాట వల్ల మూడు వారాలు పోయాయి.

నవంబరు 29. నంద్యాల.

డాక్టర్ సాల్మన్ రాజు నా దగ్గర తొమ్మిదో తరగతి చదివాడు. అప్పుడు సంధులు రావు. ఇప్పుడు గోడ నిండా సర్టిఫికెట్లు. నన్ను చూసి కుర్చీలోంచి లేచాడు, బయట నలభై మంది కూర్చొని ఉన్నా.

"ఎంత కాలమని రాయాల టీచర్?"

"నిజం రాయి."

"నిజం రాస్తే ఆమె చదువుతాది గదా."

"జీవమ్మకు ఇంగ్లీషు రాదు."

"మీకొస్తాది గదా టీచర్."

కలం మూత తీసి పెట్టాడు, తీసి పెట్టాడు. కారణం తాత్కాలికమని తేలాలంటే అది ఎప్పుడు ముగుస్తుందో రాయాలి. బాగవుతుందని రాస్తే అబద్ధం. ఇంకొకటి రాయడానికి ఈ జిల్లాలో ఏ డాక్టరుకూ చెయ్యి రాదు. చావు తేదీ కాగితం మీద పెడితే కీడు. పెట్టినవాడికి కూడా.

చివరికి "ఇంకా మూడు నెలల పాటు దగ్గర ఒక మనిషి అవసరం" అని రాసి ముద్ర వేశాడు. మూడు నెలల తర్వాత ఎందుకు అవసరం ఉండదో రాయలేదు. వాడికి తెలుగు రాదనుకున్నాను గాని, ఏది వదిలేయాలో వచ్చింది.

డిసెంబరు 1

ఉత్తరం తిరగరాశాను. జీవమ్మ మంచం మీద పక్కకు ఒత్తిగిల్లి చూస్తూ ఉంది.

"ఏందది రాస్తాండావ్?"

"ఆఫీసుకు."

"డాక్టరు ఏమని రాసిచ్చినాడు?"

"మూడు నెలలు."

"మూడు నెల్లకు బాగైతానంటనా, పోతానంటనా?"

"అది రాయలేదు."

"తెలివైనోడు. నీ దగ్గర సదివినోడేనా వాడు?" అని నవ్వబోయి, కడుపు పట్టుకొని ఆగిపోయింది. కొంచెంసేపటికి, "ఆ మాట కొట్టేసినావా మరి?" అని అడిగింది.

"కొట్టేశాను. ఏప్రిల్ ముప్పైన వస్తాను అని రాశాను. అంతే."

"చెయ్యి వణకలేదా వదినా?"

"లేదు."

"వణికింది. నేను సూసినా."

వణకలేదు. చలి.

డిసెంబరు 9

జవాబు లేదు. నొప్పికి ఒంటి మీద అంటించే మందు ప్యాచీలు మార్చారు. నిద్రపోతోంది.

డిసెంబరు 12

క్రిస్మస్ సెలవుల్లో బిడ్డను తీసుకొని వస్తానంది గీత. ఆ వారం మీ ఆసుపత్రిలో సెలవు దొరకదు కదా అన్నాను. అడిగి చూస్తానంది. అడగొద్దన్నాను. ఇంత దూరం, బిడ్డకు నీళ్ళు పడవు, అత్త ఉన్న స్థితి బిడ్డ చూడకూడదు. మూడు కారణాలు చెప్పాను. మూడూ మంచివే.

డిసెంబరు 25

సంఘం వాళ్ళు వచ్చి మంచం చుట్టూ నిలబడి పాడారు. పాస్టరుగారు స్వస్థత కోసం గట్టిగా ప్రార్థన చేశారు. వచ్చే ఏడు జీవమ్మక్క మనతోపాటు చర్చిలో నిలబడి పాడుతుందని చెప్పారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.

వాళ్ళు పోయాక జీవమ్మ అడిగింది. "వదినా, ఆయప్ప మాట కూడా రాసి పంపిచ్చు ఆఫీసుకు. వచ్చే క్రిస్మస్‌కు నేను పాడతానంట. అప్పుడు నువ్వు సంవత్సరం ఉండచ్చు."

"నీ గొంతు విన్నవాళ్ళెవరూ ఆ ప్రార్థన చెయ్యరు," అన్నాను.

"నీ వంట తిన్నోళ్ళెవురూ నీకు వీసా ఇయ్యరు."

ఈ రోజు మేం మాట్లాడుకున్నది ఇంతే. మిగిలినదంతా పాటలు.

జనవరి 6, 2026

ఉత్తరం రాలేదు.

జనవరి 8

ఉత్తరం రాలేదు. గీత రెండుసార్లు ఫోను చేస్తే వరుసలో ఉన్నారని యంత్రం చెప్పిందట.

జనవరి 19

గీత ఇంకో దారి కనుక్కుంది. వాళ్ళ వార్డులో కేరళ పిల్ల చెప్పిందట, అందరూ అట్లాగే చేస్తారట. ఫిబ్రవరి ఇరవై లోపల ఒకసారి అక్కడ దిగితే చాలు. నాలుగు రోజులుండి మళ్ళీ రావచ్చు. ఆరు నెలలు మళ్ళీ మొదలవుతాయి.

"నాలుగు దినాలే మా. చెన్నమ్మ చూసుకోదా నాలుగు దినాలు?"

చూస్తానన్నాను. చూస్తాను అనే మాటకు మా భాషలో ఎన్ని అర్థాలున్నాయో పిల్లలకు ఒక తరగతి మొత్తం చెప్పవచ్చు.

జనవరి 23

కెజియా ఫోనులో, "అవ్వా, నువ్వు లేకుంటే నేను రోడ్డు ఒక్కదాన్నే దాటుతాండా," అంది. మంచిది అన్నాను.

జనవరి 28

నీళ్ళు మాత్రమే. చెంచాతో.

జనవరి 30

నీళ్ళు. ఉలి దెబ్బలు నిన్నటి నుంచి లేవు. పెద్ద విగ్రహం పూర్తయిందట, లారీలో తీసుకుపోయారు. జీవమ్మ అడగలేదు.

ఫిబ్రవరి 4

ఈ రోజు మాటలు బాగా వచ్చాయి ఆమెకు. మధ్యాహ్నం నేను దిండు మారుస్తూంటే చెయ్యి పట్టుకుంది.

"యా దినం పోతాండావ్?"

"ఎక్కడికి?"

"నాకాడ నాటకాలొద్దు. చెన్నమ్మ సెప్పింది. ఇరవై తేదీ లోపల పోకుంటే నీ కార్డు పోతాది."

"పోతే పోనీ. నిన్ను వదిలి ఎవరు పోతారు?"

"పోతే పోనీ యేంది? ఆ బిడ్డ ఒక్కతే రోడ్డు దాటుతాందంట." కొంచెంసేపు ఊపిరి తీసుకుంది. "వదినా, నువ్వు ఆడికి పోతే బిడ్డను నువ్వు సూసుకుంటావ్. అప్పుడు గీత ఈడికి రావచ్చు గదా. ఇంత సదువుకున్నావ్. ఈ లెక్క నీకు తెలీలేదా?"

తెలియలేదన్నాను.

ఆమె నా చెయ్యి వదిలేసి గోడ వైపు తిరిగింది. "తెలీకుంటే సరే," అంది.

ఫిబ్రవరి 5

తెలుసు. అక్టోబరు నుంచి తెలుసు.

ఇది నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు గీతకు పది నెలలు. వేసింది శ్రీశైలం అడవి అవతల, ఇల్లు లేని ఊరికి. మా ఆయనది డోన్‌లో రైల్వే. బిడ్డను జీవమ్మ దగ్గర ఈ ఇంట్లోనే వదిలాను. ఒక ఏడాది అనుకున్నాను. మూడేళ్ళయింది. తాత్కాలికం అని అప్పుడూ అందరికీ చెప్పాను.

నెలకొకసారి వచ్చేదాన్ని. గీత జీవమ్మ కుట్టుమిషను కింద కూర్చొని, ఆమె చెంగు పట్టుకొని నన్ను చూసేది. చుట్టాన్ని చూసినట్టు. జీవమ్మను అమ్మా అనేది.

నాలుగేళ్ళప్పుడు నంద్యాలకు బదిలీ చేయించుకొని తీసుకుపోయాను. అత్త అనాలి, అత్త అని నేర్పాను. తప్పు చెప్పినప్పుడల్లా సరిదిద్దాను. రెండు నెలలు పట్టింది. నా ఉద్యోగంలో అంత పట్టుదలగా ఎవరికీ పాఠం చెప్పలేదు. తర్వాత మొత్తం చదువు అయ్యే దాకా సెలవులకు ఆళ్ళగడ్డ పంపలేదు. ఏదో ఒక కారణం చెప్పేదాన్ని. మూడేసి కారణాలు.

జీవమ్మ ఎన్నడూ అడగలేదు. ఏడాదికొకసారి బిడ్డ కొలతలు అడిగి గౌను కుట్టి పంపేది. కొలతలు నేనే రాసి పంపేదాన్ని. కొంచెం వదులుగా రాసేదాన్ని, బిగుతయిందేమోనని మళ్ళీ కొలతలు అడగకుండా.

అయిదు నెలలుగా ఈ మంచం పక్కన కూర్చున్నది ఆమె కోసమే అనుకున్నాను. ఊళ్ళో అందరూ అదే అంటున్నారు. ఆడబిడ్డ కోసం జర్మనీ వదులుకొని వచ్చిందట, ఎంత మనసు అని. ఈ కుర్చీలో నేను కూర్చుంటే ఇంకొకరు కూర్చోలేరు. అంతే సంగతి.

నాకు ఏడుపు రావడం లేదు. వస్తుందేమోనని కలం పెట్టి కొంచెంసేపు చూశాను.

ఫిబ్రవరి 7

గీతకు చెప్పాను. నేను వస్తాను, నువ్వు పో అని.

 

"నేను వస్తానంటే నువ్వే గదా మా ఇన్ని దినాలు వద్దన్నావ్," అంది.

"అవును."

"ఎందుకు వద్దన్నావ్?"

"టికెట్టు పదమూడుకు చెయ్యి. నేను పధ్నాలుగున దిగుతాను. నువ్వు పదిహేనున బయలుదేరు. మధ్యలో నాలుగు రోజులు చెన్నమ్మ ఇక్కడే పడుకుంటుంది."

ఇంకేమీ అడగలేదు. పెద్దదయింది.

ఫిబ్రవరి 12. ఆళ్ళగడ్డ, సాయంత్రం బస్సుకు ముందు.

గీత వస్తుందని పొద్దున చెప్పాను. జీవమ్మ కళ్ళు తెరిచి, "ఎప్పుడు?" అంది. సోమవారం అన్నాను. వేళ్ళు లెక్కపెట్టింది, నాలుగు.

"తల దువ్వు వదినా. సిక్కులు పడి యెట్లుంటానో."

"సోమవారం దువ్వుతుంది చెన్నమ్మ."

"చెన్నమ్మ పీకుతాది. నువ్వు దువ్వు."

దువ్వాను. చిక్కులు పడేంత జుట్టు లేదు. కొబ్బరి నూనె రాసి, ఉన్నదాన్నే రెండు పాయలు తీసి చిన్న జడ వేశాను. ఇట్లా ఆమె ఒళ్ళు నేను ముట్టి కూర్చోవడం పెండ్లయిన నాటి నుంచి ఇదే మొదలు. మందులు వేరు.

"దానికి ఉగ్గాని ఇష్టం. చెన్నమ్మకు సెప్పు, బొరుగులు తెచ్చి పెట్టమని," అంది.

నాకు తెలియదు ఆ సంగతి. గీత నా దగ్గర ఉగ్గాని ఎప్పుడూ అడగలేదు. చెన్నమ్మకు చెప్పాను.

సంచి తీసుకొని గడప దగ్గర నిలబడ్డాను. క్షమించమని అడగాలేమో. చర్చిలో ప్రతి ఆదివారం అందరి తరఫునా అడుగుతాం, ఒకరి తరఫున అడగడం అలవాటు లేదు.

"ఇన్నేండ్లు బాగా దాచిపెట్టుకున్నావ్ లే దాన్ని," అంది జీవమ్మ, కళ్ళు మూసుకొనే. "పో. బేగా పో. నంద్యాలలో బండి తప్పిపోతాది."

వస్తాను అన్నాను. పోతాను అనకూడదు కాబట్టి.

ఫిబ్రవరి 14

దిగాను. ఆరు రోజులు మిగిలి ఉన్నాయి. గాజు గదిలో ఉన్న అబ్బాయి కార్డు చూశాడు, నన్ను చూశాడు, తిరిగి ఇచ్చేశాడు. ఏమీ అడగలేదు. అడిగితే చెప్పడానికి కాగితాలన్నీ వరుసగా పెట్టుకున్నాను.

ఫిబ్రవరి 15

గీత పొద్దున వెళ్ళిపోయింది. తలుపు దగ్గర నన్ను గట్టిగా పట్టుకుంది. నేను కెజియా డబ్బాలో ఏం పెట్టాలో అడిగాను.

ఫిబ్రవరి 17

గీత చేరిందట. ఉగ్గాని తినిందట. చెన్నమ్మ చెప్పింది.

ఫిబ్రవరి 18

ఆఫీసు ఉత్తరం పెట్టెలో పడి ఉంది. ఫోనుతో చదివించాను. కారణం తాత్కాలికమని అంగీకరించారట. మే నెలాఖరు దాకా బయట ఉండవచ్చునట. జనవరి ముప్పైన సంతకం చేశారు.

వారం ముందు వచ్చి ఉంటే నేను కదిలేదాన్ని కాదు.

చించలేదు. గీత కాగితాల అరలో పెట్టాను.

ఫిబ్రవరి 20

ఇరవై.

ఫిబ్రవరి 23

ఆరూ నలభైకి ఫోను మోగింది. కెజియా పాలు తాగుతోంది.

"మా," అంది గీత. వెనక ఎవరో పాట ఎత్తుకుంటున్నారు. చెన్నమ్మ గొంతు. "అమ్మ పోయిందమ్మా."

ఒకే వాక్యంలో రెండు అమ్మలు. నేను ఏమీ దిద్దలేదు. ఊఁ అన్నాను. నువ్వు దగ్గరే ఉన్నావా అని అడిగాను. ఒళ్ళో తల పెట్టుకొని ఉన్నానంది. సాయంత్రమే మట్టి చేస్తారంది. నువ్వు ఉండు, తొందరపడి రావద్దు, బిడ్డను నేను చూసుకుంటాను అన్నాను.

"సరే మా," అంది.

కెజియాకు బూట్లు తొడిగి, టోపీ పెట్టి బడికి తీసుకుపోయాను. రోడ్డు మీద అటు ఇటు ఒక్క బండి లేదు. అయినా ఎర్ర లైటు ఉన్నంతసేపు నిలబడ్డాం. దాటకూడదు అవ్వా, అంది కెజియా. దాటను అన్నాను. పచ్చ పడింది. ఆ పిల్లే నా చెయ్యి పట్టుకొని ముందు కదిలింది.